మాటల ముచ్చట: బ్యాండికూట్ మన పందికొక్కేనా?

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. స్కూల్లో ‘బ్యాండికూట్’ అనే జంతువు మీద ప్రాజెక్టు ఇచ్చారు. వాడు ఆ పేరు పైకి చదవగానే నాకు నవ్వాగలేదు, అచ్చం మా అమ్మమ్మ ‘పందికొక్కు’ అన్నట్టే వినిపించింది. మావారు మాత్రం ‘కంగారూ లాగా అది కూడా ఇక్కడి ఆదివాసుల మాటే అయ్యుంటుంది, ప్రతిదానికీ తెలుగు అంటగట్టకు’ అని కొట్టిపారేశారు. మా ఇద్దరిలో ఎవరు రైటు?
– ఒక పాఠకురాలు, మెల్‌బోర్న్

జవాబు: మీరే రైటు. మీవారికి ఈ పేజీ చూపించండి. అయితే ఆయన్ని మరీ ఆట పట్టించకండి, ఎందుకంటే ఆయన అనుమానం మంచి అనుమానమే. వాట్సాప్‌లో రోజూ తిరిగే ‘ఇంగ్లిషు మాటలన్నీ మన భాషలోంచి పుట్టినవే’ రకం మెసేజీలు చూసీ చూసీ ఇలా విసుక్కునే స్థితికి వచ్చాం అందరం. ఆ మెసేజీల్లో నూటికి తొంభై ఉత్తి మాటలే. ఇది మాత్రం ఆ తొంభైలోది కాదు. ఏ పెద్ద ఇంగ్లిషు డిక్షనరీ తీసినా బ్యాండికూట్ దగ్గర తెలుగు పేరు రాసి, పంది ప్లస్ కొక్కు అని విడదీసి, ‘పంది ఎలుక’ అని అర్థం చెప్పి మరీ పెడతారు. 1886లో హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ అనే ఇద్దరు కలిసి తెచ్చిన హాబ్సన్-జాబ్సన్ అనే నిఘంటువులో (మన దేశంలో ఉన్న ఇంగ్లిషువాళ్ళ నోళ్ళలో నలిగిన మాటలన్నీ అందులో ఉంటాయి) ఇదే సంగతి ఉంది. బర్నెల్ తంజావూరులో జడ్జీ, దక్షిణాది భాషలు బాగా తెలిసినవాడు. కాబట్టి గాలి కబురు కాదు.

కంగారూ సంగతి వేరు. అది నిజంగానే అక్కడి మాట. 1770లో కెప్టెన్ కుక్ ఓడ దెబ్బతిని ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో ఒక నది ఒడ్డున రిపేరు చేసుకుంటున్నప్పుడు, అక్కడి గూగు యిమిథిర్ భాషవాళ్ళ దగ్గర ‘గంగురు’ అని విని రాసుకున్నారు. అంటే అక్కడి జంతువుకి అక్కడి పేరే. బ్యాండికూట్‌కి మాత్రం జంతువు అక్కడిది, పేరు ఇక్కడిది.

అదెలా జరిగిందంటే, ఇంగ్లిషువాళ్ళు 1611లో మచిలీపట్నంలో ఫ్యాక్టరీ పెట్టారు. అప్పట్లో ఫ్యాక్టరీ అంటే సరుకు కొని దాచే చోటు, మిషన్లుండే చోటు కాదు. తర్వాత 1639లో మద్రాసు. రెండు చోట్లా తెలుగు దుబాసీలు, తెలుగు వర్తకులు, తెలుగు కూలీలు. బట్టల బేళ్ళు, ధాన్యం బస్తాలు నిండిన కొట్లలో పందికొక్కు పడకుండా ఉంటుందా? ఊళ్ళో పిల్లి సైజులో ఉన్న ఎలుకని చూసి ‘ఇదేమిటి’ అని అడిగిన తెల్లదొరకి మనవాళ్ళు చెప్పిన జవాబే ఆ పేరు అని నేను ఊహించుకుంటాను. 18వ శతాబ్దం చివరికల్లా అది ఇంగ్లిషు రాతల్లోకి ఎక్కేసింది. అదే రోజుల్లో ఆస్ట్రేలియాలో కొత్తగా దిగినవాళ్ళకి మూతి పొడుగ్గా, వీపు కాస్త గూనిగా, రాత్రిపూట నేల తవ్వుకు తినే ఒక చిన్న జంతువు కనిపించింది. ఇండియా మీదుగా వచ్చే ఓడలు, ఇండియాలో పనిచేసి వచ్చిన మనుషులు అక్కడ తక్కువేం కాదు. చూడ్డానికి అలాగే ఉంది కదా అని ఆ పేరు తగిలించేశారు. దానికీ మన పందికొక్కుకీ చుట్టరికం ఏమీ లేదు. అది పొట్టకి సంచి ఉండే జాతి, అంటే కంగారూ వైపు చుట్టం. మనది ఉత్తి ఎలుక.

మీ బాబు ప్రాజెక్టుకి పనికొచ్చే ముక్క ఒకటి చెప్తాను. కంగారూ సంచి నోరు పైకి ఉంటుంది, బ్యాండికూట్ సంచి నోరు వెనక్కి ఉంటుంది. మట్టి తవ్వేటప్పుడు పిల్లల మీద మన్ను పడకుండా. పిల్ల కడుపులో ఉండేది పన్నెండున్నర రోజులే, పాలిచ్చే జంతువులన్నిటిలోకీ అతి తక్కువ రోజుల్లో ఇదొకటి. మీ విక్టోరియాలోనే ఈస్టర్న్ బార్డ్ బ్యాండికూట్ అనే రకం అడవిలో పూర్తిగా మాయమైపోతే, పెంచి పెంచి మళ్ళీ వదిలి, 2021లో ఆ ‘అడవిలో లేదు’ అన్న ముద్ర తీసేశారు. ఇంకో రకం ఉండేది, ముందు కాళ్ళు గిట్టల్లా ఉండేవి, దాన్ని పిగ్-ఫుటెడ్ బ్యాండికూట్ అన్నారు. అంటే తెలుగులో చెప్పుకుంటే పంది కాళ్ళ పంది కొక్కు. పేరు పెట్టినాయనకి తెలుగు వచ్చుంటే ఒక పందిని తీసేసేవాడు. పాపం ఆ జాతి ఇప్పుడు లేదు.

ఇక పంది కాస్తా ‘బ్యాండి’ ఎందుకైంది అని అడుగుతారని నాకు తెలుసు. అరచెయ్యి మూతికి దగ్గరగా పెట్టుకుని ఇంగ్లిషు వాళ్ళలా ‘పెన్’ అనండి, చేతికి గాలి తగులుతుంది. ఇప్పుడు మామూలుగా ‘పంది’ అనండి. గాలి తగలదు. ఇంగ్లిషు చెవికి ఆ గాలి లేని ప, బ లాగే వినిపిస్తుంది. అంతే. చివరి ‘కొక్కు’ కూట్ అవ్వడానికి మాత్రం నాకు తోచిన కారణం ఇది: కూట్ అని వాళ్ళకి ముందే ఒక నీటిపిట్ట ఉంది, తెలియని మాట తెలిసిన మాట వైపు జారడం మన దగ్గరా చూస్తూనే ఉంటాం.

ప్రశ్న: పోయిన నెల మీరు ఒక జవాబులో బ్యాండికూట్ మన తెలుగు పందికొక్కు నుంచే వచ్చిందని ఒక్క ముక్కలో తేల్చేశారు. తమిళమో కన్నడమో ఎందుకు కాకూడదు? మద్రాసులో ఉన్నది తమిళులే కదా. పైగా దానికి పంది పోలిక ఎక్కడుంది?
– రేపల్లె నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు

జవాబు: మాస్టారూ, మీరు అడిగింది అసలు ప్రశ్న. ఒక మాట ఫలానా భాషలోంచి వచ్చిందని చెప్పాలంటే వినడానికి ఒకలా ఉంటే చాలదు. చుట్టుపక్కల భాషల్లో ఆ వస్తువుని ఏమంటారో కూడా చూడాలి. ఈ జంతువుని తమిళంలో పెరుచ్చాళి అంటారు. కన్నడంలో హెగ్గణ. మరాఠీలో, హిందీలో ఘూస్ (హిందీలో లంచాన్ని కూడా ఘూస్ అనే అంటారు, ఎవరు ముందో గానీ జోడీ భలే కుదిరింది). వీటిలో ఏదీ బ్యాండికూట్ అవ్వడానికి వీల్లేదు. కన్నడంలో అయితే పంది కూడా ‘హంది’ అయి కూర్చుంది. పందీ, కొక్కూ రెండూ పక్కపక్కన దొరికేది మన దగ్గరే. సింహళంలో ‘ఊరుమీయా’ అంటారు, అర్థం మళ్ళీ పంది ఎలుకే, మాట మాత్రం వేరు.

పంది పోలిక గురించి. నేను పుట్టింది డెల్టా పల్లెలోనే. మా ఇంట్లో వెనక వసారాలో గాదె ఉండేది, చుట్టూ అలికిన నేల. తెల్లారి లేచేసరికి గాదె పక్కన తట్టెడు కొత్త మన్ను, మెత్తగా జల్లెడ పట్టినట్టు. మా నాయనమ్మ దాన్ని చూసి నోటికొచ్చినట్టు తిట్టి, పగిలిన గాజు పెంకులు, కంకర, తడి మన్ను కలిపి ఆ కన్నంలో కూరేది. మర్నాటికి రెండు బారల అవతల ఇంకో కన్నం. ఒక రాత్రి లాంతరు పట్టుకుని వెళ్తే గోడ మూలకి చిక్కుకుపోయి ఉంది. పారిపోయే దారి లేదని తెలిసి వెన్ను మీది ముతక వెంట్రుకలు నిక్కబొడుచుకుని, గుర్రు గుర్రుమని ఒక చప్పుడు చేసింది చూడండి, కళ్ళు మూసుకుని వింటే పందిపిల్లే. నేను లాంతరు అక్కడే వదిలి పరిగెత్తాను. దానికా పేరు పెట్టినవాడు కచ్చితంగా నాకులాగే దాన్ని మూలకి తరిమి ఉంటాడు. అరుపు ఒకటి, నేల తవ్వే పద్ధతి ఇంకొకటి, మొద్దు మూతి మరొకటి. పోలిక ఇంతకన్నా ఏం కావాలి?

శాస్త్రం ప్రకారం ఇందులో పెద్దది, చిన్నది ఉన్నాయి. పెద్దది ఒళ్ళు దాదాపు అడుగు, తోక కూడా ఇంచుమించు అంతే, బరువు కిలో దాకా తూగుతుంది. ఇళ్ళ పునాదుల కింద, మురుగు కాలవల పక్కన కాపురం. చిన్నది పొలాల్లో ఎక్కువ. వరి గట్టుల్లో బొరియ తవ్వి కంకులు కత్తిరించి లోపల దాచుకుంటుంది. మీ వైపు యానాదులు పొగ కుండతో ఎలుకలు పట్టడం మీరూ చూసే ఉంటారు, గట్టు తవ్వితే ఎలుకతో పాటు దొరికే ఆ ధాన్యం కూడా వాళ్ళకి కూలిలో భాగమే. శాస్త్రజ్ఞులు ఈ రకాలన్నిటికీ కలిపి పెట్టిన పేరు ‘బ్యాండికోటా’. జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే ఇంగ్లిషాయన 1873లో పెట్టాడు. అంటే లాటిన్ వేషం వేసుకున్న పందికొక్కు అన్నమాట.

ఈ ఎలుకల కీర్తి మన పేరు కన్నా ముందే ప్రపంచానికి తెలుసు. 14వ శతాబ్దంలో దేశం తిరిగిన ఇబన్ బతూతా దేవగిరి కోటలో నేలమాళిగ జైలు గురించి రాస్తూ, అక్కడ పిల్లుల కన్నా పెద్ద ఎలుకలున్నాయని, వాటిని చూసి పిల్లులే పారిపోతాయని రాశాడు. హాబ్సన్-జాబ్సన్ వాళ్ళు ఆ ముక్కని తీసుకొచ్చి బ్యాండికూట్ మాట కిందే పెట్టారు. కొంచెం అతిశయోక్తి ఉంటే ఉండొచ్చు గానీ, మా నాయనమ్మ పిల్లి కూడా గాదె దగ్గరికి పోయేది కాదు.

ప్రశ్న: ఇంగ్లిషులో ఈ మాటని ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు? తెలుగులో ‘పందికొక్కులా మెక్కుతున్నాడు’ అన్నట్టు ఇంగ్లిషులో తిట్టడానికి వీలుందా?
– పోటీ పరీక్షలకి చదువుతున్న ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పలకడం ముందు. మొదటి అక్షరం మీద ఒత్తు: బ్యాన్-డి-కూట్. చాలామంది మనవాళ్ళు చివరి కూట్ మీద ఒత్తి పలుకుతారు, అలా వద్దు. బహువచనం బ్యాండికూట్స్.

అర్థం ఎవరితో మాట్లాడుతున్నారన్న దాన్ని బట్టి మారిపోతుంది. చెన్నైలోనో బెంగళూరులోనో ఇంగ్లిషు పేపర్లో ‘ఫుట్‌పాత్ కింద బ్యాండికూట్స్ తవ్వేశాయి’ అని చదివితే అది మన పందికొక్కే. అదే మాట సిడ్నీలో అంటే సంచి ఉన్న బుజ్జి జంతువు, చట్టం కాపాడే జంతువు. మా బంధువులాయన ఒకరు అక్కడ అద్దె ఇంట్లో దిగిన కొత్తలో పెరట్లో గుంటలు చూసి, ఎవరో బ్యాండికూట్ అని చెప్పగానే, మన అలవాటు కొద్దీ మందు పెట్టి చంపుదామా అన్నారట. పక్కింటావిడ ముఖం మాడిపోయింది. లండన్‌లోనో అమెరికాలోనో అయితే ఆ మాట వాడి లాభం లేదు, ఎలుక అని చెప్పదలచుకుంటే శుభ్రంగా ‘బిగ్ ర్యాట్’ అనండి.

తిట్టు విషయానికి వస్తే ఇంగ్లిషులో ఆ తిట్టు లేదు. ‘గాదె కింద పందికొక్కు’ అంటే మనకి ఒక మనిషి కళ్ళ ముందు కదులుతాడు: ఆఫీసులోనో సొసైటీలోనో కిక్కురుమనకుండా కూర్చుని లోపల్లోపల మొత్తం ఊడ్చేసేవాడు. ఎన్నికల మీటింగుల్లో ఒక పార్టీవాళ్ళు ఇంకో పార్టీవాళ్ళని పందికొక్కులు అనకుండా ఉపన్యాసం పూర్తవదు. ఇంగ్లిషులో ఆ పని పందికే అప్పజెప్పారు, కొక్కుకి ఇవ్వలేదు. కాబట్టి పరీక్షలో ‘హి ఈట్స్ లైక్ ఏ బ్యాండికూట్’ అని రాస్తే దిద్దేవాడు బుర్ర గోక్కుంటాడు.

ఆస్ట్రేలియావాళ్ళు మాత్రం ఈ మాటతో బాగా ఆడుకున్నారు. దిక్కూమొక్కూ లేకుండా ఒంటరిగా మిగిలిపోయినవాణ్ణి ‘కాలిపోయిన గుట్ట మీది బ్యాండికూట్’ అంటారు. నాకు బాగా నచ్చింది ఇంకోటి, దాన్ని వాళ్ళు క్రియగా కూడా వాడతారు. బంగాళాదుంప చేలో పైన మొక్క కదలకుండా, ఆకు వాడకుండా, కింద నుంచి చెయ్యి పెట్టి దుంపలు లాగేసి పోవడాన్ని బ్యాండికూట్ చెయ్యడం అంటారు. రైతు పొద్దున్నే వచ్చి చూస్తే చేను పచ్చగా ఉంటుంది, తవ్వితే ఏమీ ఉండదు. చూశారా, జంతువు మారింది, ఖండం మారింది, అయినా గాదె కింద చేసే పని మాత్రం అక్కడా చేస్తూనే ఉంది.

ఇంకో వాడుక మన దక్షిణాదిలోదే. మనుషుల్ని మ్యాన్‌హోల్‌లోకి దింపకుండా శుభ్రం చేసే రోబోని కేరళలో జెన్‌రోబోటిక్స్ అనే సంస్థ కుర్రాళ్ళు తయారు చేశారు, 2018లో తిరువనంతపురంలో మొదలుపెట్టారు. దాని పేరు బ్యాండికూట్. ఈ పేరుకి దక్కిన గౌరవాల్లో ఇదే గొప్పదని నా అభిప్రాయం.

ప్రశ్న: క్రాష్ బ్యాండికూట్ గేమ్‌లో క్యారెక్టర్ అయితే తెలుగోడా అంకుల్?
– ఎనిమిదో తరగతి, హైదరాబాద్

జవాబు: పేరు తెలుగు, ఊరు ఆస్ట్రేలియా, పెంపకం అమెరికా. 1996లో నాటీ డాగ్ అనే కంపెనీ చేసింది. ఎవరికీ పెద్దగా తెలియని ఆస్ట్రేలియా జంతువు ఏదైనా కావాలని వెతికి, తయారు చేసేటప్పుడు విల్లీ ద వాంబాట్ అని పిలుచుకుని, చివరికి బ్యాండికూట్ దగ్గర ఆగారు. నిజం బ్యాండికూట్ నారింజ రంగులో ఉండదు, జీన్స్ వేసుకోదు. చదువు కూడా చూసుకో.

ప్రశ్న: మీరు తెలుగు మాటలు ఇంగ్లిషులోకి వెళ్ళాయంటున్నారు కాబట్టి అడుగుతున్నా. ‘క్యాష్’ మన ‘కాసు’ నుంచే వచ్చిందని మా గ్రూపులో ఒకాయన గట్టిగా వాదిస్తున్నాడు. నిజమేనా?
– ఒక బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: ఇక్కడే మెలిక ఉంది. మీ గ్రూపాయన సగం కరెక్టు, ఆ సగం ఆయన అనుకున్న సగం కాదు.

ఇంగ్లిషులో క్యాష్ అనే మాటలు రెండున్నాయి. మీ కౌంటర్లో రోజూ లెక్కపెట్టే క్యాష్, క్యాషియర్ అనే మాటలో ఉన్న క్యాష్, అది యూరప్‌దే. లాటిన్‌లో పెట్టెకి ఉన్న మాట ఇటాలియన్‌లో కస్సా అయి, ఫ్రెంచిలో కెస్ అయి, ఇంగ్లిషులోకి వచ్చింది. మొదట డబ్బులు పెట్టుకునే పెట్టె, తర్వాత పెట్టెలో డబ్బు. మనం గల్లా అన్నట్టే, ‘గల్లా ఎంతొచ్చింది’ అంటే పెట్టె గురించి కాదు కదా అడిగేది.

రెండో క్యాష్ ఒక చిన్న నాణెం పేరు. అది మాత్రం మన కాసే. డిక్షనరీలు తమిళ కాసు అని రాస్తాయి, పోర్చుగీసువాళ్ళ నోట్లో ఒకసారి నలిగి ఇంగ్లిషుకి చేరింది. తమిళ కాసు, తెలుగు కాసు ఒకటే కాబట్టి కొట్లాట అక్కర్లేదు. మద్రాసులో కంపెనీ లెక్క ప్రకారం ఎనభై కాసులు ఒక ఫణం, నలభై రెండు ఫణాలు ఒక పగోడా. 1818లో రూపాయి వచ్చేదాకా ఇదే లెక్క. కాలిక్యులేటర్ లేకుండా ఈ లెక్కలు రాసిన గుమాస్తాలకి దణ్ణం పెట్టాలి: ఒక పగోడాకి 3,360 కాసులు. పగోడా అంటే వాళ్ళ పేరు, మనకి అది వరహా. వరహా అని ఎందుకన్నారంటే ఆ నాణేల మీద వరాహం బొమ్మ ఉండేది. ఈ నెల పందులు మనల్ని వదిలేలా లేవు.

కాబట్టి మీ గ్రూపులో ఇలా రాయండి: ‘నాణెం క్యాష్ మనది, నగదు క్యాష్ వాళ్ళది, రెండూ దారిలో కలిసి ఒకే స్పెల్లింగు వేసుకున్నాయి.’ ఆయన ఒప్పుకోకపోతే వదిలెయ్యండి, గ్రూపులో వాదించి గెలిచినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. మెలకువ ఏమిటంటే, రెండు మాటలు ఒకలా వినిపిస్తే ముందు పాత అర్థం అడగాలి. పాత క్యాష్ అర్థం పెట్టె అని తేలగానే కాసు వాదన అక్కడికక్కడే పడిపోతుంది. పందికొక్కు దగ్గర అలా పడలేదు, పాత అర్థం అడిగితే మళ్ళీ పంది ఎలుకే వచ్చింది.

ప్రశ్న: నేను గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాను. దుబాయ్ పార్టీకి మెయిల్ పెడుతూ గోడౌన్ అని రాస్తే మా అమ్మాయి ‘అది ఇంగ్లిషు మాట కాదు నాన్నా’ అంది. మరి ఏ భాష?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇంగ్లిషు మాటే, కాకపోతే ఆసియాలో పుట్టిన ఇంగ్లిషు. ఇండియా, సింగపూర్, హాంకాంగ్ దాకా చెల్లుతుంది. లండన్‌లో, న్యూయార్క్‌లో చెల్లదు. అక్కడికి రాస్తే వేర్‌హౌస్ అని రాయండి. మీ దుబాయ్ పార్టీ మనవాళ్ళైతే గోడౌన్ అన్నా అర్థమవుతుంది.

పూర్వం సరుకు నేలమాళిగల్లోకి దిగి పెట్టేవారు కాబట్టి గో డౌన్ అయిందని ఒక కథ చెప్తారు. కథ బాగుంది, నిజం కాదు. మలేషియా వైపు మాట్లాడే మలయా భాషలో గుదాంగ్ అంటారు, ఆ రేవుల్లో వ్యాపారం చేసిన పోర్చుగీసువాళ్ళ ద్వారా ఇంగ్లిషుకి చేరింది. మలయాకి ఎక్కడ నుంచి వెళ్ళిందంటే, మన గిడ్డంగి గానీ తమిళ కిడంగు గానీ అయ్యుంటుందని నిఘంటువులు అంటాయి. సరుకు ‘కిడ’ అంటే పడి ఉండే చోటు. కోరమాండల్ ఓడలు ఆ రేవులకి బట్టలు మోసిన కాలం గుర్తు చేసుకుంటే ఇందులో వింతేం లేదు.

నాకు సరదా ఎక్కడంటే, ఒకే మాటని మనం ఇప్పుడు మూడు రకాలుగా వాడుతున్నాం. ప్రభుత్వ కాగితాల్లో గిడ్డంగి. ఊళ్ళో పెద్దవాళ్ళ నోట గోదాము. లారీ డ్రైవర్ ఫోన్ చేస్తే గోడౌన్. గిడ్డంగి అంటే గ్రాంథికంగా, గోడౌన్ అంటే స్టైలుగా అనిపిస్తుంది గానీ, ఒకటి ఇంటిదగ్గరే ఉండిపోయిన అన్న, ఇంకోటి విదేశాలు తిరిగొచ్చిన తమ్ముడు. మీ మిర్చి టిక్కీలు ఏ పేరున్న చోట పెట్టినా పందికొక్కుల విషయంలో జాగ్రత్త.

ప్రశ్న: మంగూస్ బహువచనం మంగీస్ అని రాస్తే మార్కు కొట్టేశారు. గూస్‌కి గీస్ అయినప్పుడు దీనికి ఎందుకు కాదు?
– ఇంటర్ విద్యార్థిని, కర్నూలు

జవాబు: మార్కు కొట్టడం న్యాయమే. గూస్ అంటే బాతు జాతి, ఇంగ్లిషు సొంత మాట, అందుకే దానికి పాత పద్ధతి బహువచనం. మంగూస్‌లో గూస్ లేదు. అది మరాఠీ మంగూస్, మన ముంగిసకి చుట్టం. బహువచనం మంగూసెస్.